ఒకే ఏనుగు పిల్ల, ఆరు జతల కళ్ళు

ఈ వారం పెద్ద హీరో సినిమా గురించి నాలుగు ముక్కలు రాస్తాననీ, ఎడిటర్‌గారు యథాప్రకారం అందులో రెండు ముక్కలు కోసేస్తారనీ మీరు ఎదురు చూస్తూ వుంటారు. క్షమించాలి. ఈ వారం హీరో ఒక ఏనుగు పిల్ల. పాటల్లేవు. ఫైట్లు లేవు. విలన్ వున్నాడో లేడో చివర్లో మీరే చెప్పాలి. నిడివి చూస్తే 40 నిమిషాలకు అటూ ఇటూ. మన సినిమాల్లో హీరోగారు కారు దిగి కళ్ళజోడు సర్దుకునేసరికి ఇది సగం అయిపోతుంది!

అయినా ఈ చిన్న సినిమా చూసి మా నాంపల్లి ఇంట్లో అయిదుగురు మనుషులు మూడు గంటలసేపు వాదులాడుకున్నారు. నాతో కలిపి ఆరుగురం. సినిమా కన్నా ఆ వాదన నాకు ఎక్కువ కాలం గుర్తుంటుంది. అందుకని రాస్తున్నాను.

ముందు మీకో చిన్న పరీక్ష. 2023 మార్చిలో, మనకు 13వ తేదీ తెల్లవారుజామున, మీరంతా టీవీల ముందు కూచున్నారు గుర్తుందా? ‘ఆర్ ఆర్ ఆర్’లోని ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చింది. కీరవాణిగారూ చంద్రబోస్‌గారూ వేదిక ఎక్కారు. ఆ వేళ అబిడ్స్‌లో స్వీట్లు తినని కుర్రాడు లేడు. సరే. అదే రాత్రి, అదే వేదిక మీద, ఇంకో భారతీయ చిత్రానికి కూడా ఆ బంగారు బొమ్మ వచ్చింది. ఏమిటది? అబిడ్స్ జి.పి.వో. ముందు నిలబడి పదిమందిని అడిగి చూశాను. ఇద్దరు చెప్పారు. అందులో ఒకాయన పోస్టల్ శాఖలో పరీక్షకు చదువుకుంటున్నాడు కాబట్టి ఆయన లెక్కలోకి రాడు!

దాని పేరు ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’. తీసిన అమ్మాయి కార్తీకి గొన్సాల్వెస్. నిర్మాత గునీత్ మోంగా. 2022 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. తమిళనాడులో మదుమలై అడవి, అందులో తెప్పకాడు ఏనుగుల శిబిరం. అక్కడ బొమ్మన్ అనే మావటి, బెళ్ళి అనే ఆవిడ. ఇద్దరూ కాట్టునాయకన్ తెగవాళ్ళు. తల్లి చచ్చిపోయి, గుంపు నుంచి విడిపోయి, ఒంటి నిండా గాయాలతో దొరికిన రఘు అనే ఏనుగు పిల్లను తెచ్చి వీళ్ళ చేతుల్లో పెడతారు. అది బతకదన్నారు. వీళ్ళు బతికించారు. తర్వాత అమ్ము అని ఇంకో బుల్లి ఏనుగు. ఆ ఏనుగుల్ని పెంచుతూ పెంచుతూ ఈ ఇద్దరూ పెళ్ళి చేసుకుంటారు. ఆఖరికి రఘు కాస్త పెద్దవాడయ్యేసరికి అటవీ శాఖ వాడిని తీసుకెళ్ళి వేరే మావటికి అప్పగిస్తుంది. ఇంతే కథ. దీనికోసం అయిదేళ్ళు తీశారట.

మదుమలై అంటే మన ప్రేక్షకులకు పరాయి వూరు కాదు, మీకు తెలియకపోవచ్చు గానీ. 1977లో రామారావుగారి ‘అడవి రాముడు’ తీసింది ఆ అడవుల్లోనే. అప్పుడు జంతువులన్నీ నిజమైనవే, భయం కూడా నిజమైనదే. ఇప్పుడు ‘ఆర్ ఆర్ ఆర్’లో భీముడి మీదికి దూకే పులి కంప్యూటర్లో పుట్టి కంప్యూటర్లోనే పోయింది. 2001లో వచ్చిన నిబంధనల తర్వాత జంతువుతో నటింపజెయ్యాలంటే జంతు సంక్షేమ బోర్డు కాగితాలు కావాలి. పులి, సింహం, ఎలుగుబంటి, కోతి లాంటి వాటినైతే అసలు ఆడించకూడదు. అందుచేత మన సినిమా పులులన్నీ గ్రాఫిక్సే. నిజమైన మృగం తెర మీద కనబడాలంటే డాక్యుమెంటరీ ఒక్కటే దిక్కు.

ఇక మా థియేటర్ సంగతి. థియేటర్ అంటే నాంపల్లి స్టేషన్ వెనక సందులో మేము అద్దెకుండే ఇంటి కింది హాలు. ఇంటావిడని మేమంతా పెద్దమ్మ అంటాం. డెబ్భై దాటాయి. ఆవిడ మనవరాలు రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదువుతోంది, ఆదివారాలు వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ ఆ అమ్మాయిది, టీవీ పెద్దమ్మది. నా గదిలో వుండే కుర్రాడిది పలమనేరు దగ్గర పల్లె, ఇక్కడ ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నాడు. పక్కింటి పెద్దాయన పాత ప్రొజెక్టర్ ఆపరేటరు. అబిడ్స్‌లో సాగర్, జమ్రుద్, ప్యాలెస్, సంతోష్, సప్నా, రామకృష్ణ అని థియేటర్ల పేర్లు ఆయన చెబుతుంటే చుట్టాల పేర్లు చెబుతున్నట్టుంటుంది. మేమంతా బాబాయ్ అంటాం. ఆరోవాడు కింద హోటల్లో టీలిచ్చే కుర్రాడు. మహేష్‌బాబు అభిమాని. గ్లాసులు తీసుకుపోదామని వచ్చి కూచున్నాడు.

షో మొదలవుతూనే బాబాయ్ తన పాత కథ ఎత్తుకున్నాడు. ఆ రోజుల్లో ఫిలిమ్స్ డివిజన్ వాళ్ళ డాక్యుమెంటరీ పడకుండా ఏ సినిమా మొదలయ్యేది కాదు. 1948లో పెట్టిన సంస్థ అది. 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేశారు. ప్రతి థియేటరూ ఆ చిత్రాలు వెయ్యాలని రూలు.

“రూలు మాకే గానీ పబ్లిక్‌కు లేకుండె” అన్నాడు బాబాయ్. “వరదలు, ఎరువులు, ఆనకట్టలు... అది పడంగనే సగం హాలు బయటికి. బీడీలు, ముచ్చట్లు. లోపల్నించి ఎవడన్నా ‘టైటిల్స్ పడ్డయ్’ అంటే పరుగో పరుగు. కానీ ఒక్కటి చెప్త. పులిదో ఏనుగుదో రీలు పడ్డదనుకో, పోయినోళ్ళు గూడ వాపస్ వచ్చి నిలవడి చూసేటోళ్ళు.”

టీ కుర్రాడు మాత్రం పదో నిమిషానికే ఫోను తీశాడు.

“అన్నా, కథేది? ఏనుగు స్నానం చేస్తున్నది, అన్నం తింటున్నది, ఆడుకుంటున్నది. తర్వాత?”

“తర్వాత మళ్ళీ స్నానం చేస్తుంది” అన్నాను.

నవ్వకండి. వాడు వేసింది న్యాయమైన ప్రశ్నే. రెండున్నర గంటల్లో మూడు మలుపులు, ఒక ఇంటర్వెల్ బ్యాంగ్ చూసే అలవాటున్న కంటికి, ఒక ముసలాయన ఏనుగు నోట్లో ముద్ద పెట్టడమే సన్నివేశం అంటే ఎట్లా ఒప్పుకుంటుంది? దేశంలో సగంమంది ప్రేక్షకులు ఈ సినిమాను ఇట్లాగే మధ్యలో ఆపేసి వుంటారని నా అనుమానం. అవార్డు సినిమా కదా అని బయటికి చెప్పలేదంతే.

పెద్దమ్మ సంగతి వేరు. ఆవిడకు ఏనుగంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. 1963లో నెహ్రూ జూ పార్కు తెరిచేదాకా ఈ వూళ్ళో జంతువులను చూడాలంటే మా పక్కనున్న పబ్లిక్ గార్డెన్సుకే పోవాలి. వాళ్ళ నాయన భుజం మీద కూచోబెట్టుకుని చూపించేవాడట. తర్వాత బోనాల్లో, మొహర్రం వూరేగింపులో చూసింది. కానీ ఏనుగు పిల్ల బెళ్ళి ఒళ్ళో తల పెట్టడం ఎక్కడ చూస్తుంది? బెళ్ళి మొదటి భర్తను పులి చంపేసింది. కూతురు కూడా పోయింది. ఆ తర్వాత వచ్చింది ఈ ఏనుగు పిల్ల. ఆ సంగతి తెర మీద రాగానే పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రఘును తీసుకుపోయే ఘట్టం వచ్చేసరికి ఇక ఆపుకోలేదు.

“అప్పగింతలే బిడ్డా ఇవి. ఆడపిల్లను అత్తగారింటికి తోలిచ్చినట్టే వున్నది. పెంచినోళ్ళను అడగకుండ ఎట్ల తీసుకపోతరు?”

నిజమే కదా! తమిళ సినిమాలో, నీలగిరి అడవిలో, ఒక ఏనుగును వేరే మావటికి ఇవ్వడం చూసి నాంపల్లిలో పెద్దమ్మకు అప్పగింతలు గుర్తొచ్చాయి. దర్శకురాలికి ఈ మాట చేరితే ఆస్కార్ కన్నా సంతోషిస్తుందేమో.

సినిమా అయిపోయింది. దీపం వేశాం. పెద్దమ్మ మనవరాలు ముక్కు చీదుకోలేదు, కళ్ళు తుడుచుకోలేదు. చేతులు కట్టుకుని కూచుంది. అసలు వాదన అక్కడ మొదలయింది.

“అమ్మమ్మా, నువ్వేడిస్తే నాకూ ఏడుపొచ్చింది. కానీ ఒకటి అడుగుతాను. ఆ శిబిరంలో పెద్ద ఏనుగులు కూడా వున్నాయి కదా, అవి అక్కడికెలా వచ్చాయి? అన్నీ అనాథ పిల్లలేనా?”

కావు. తెప్పకాడు శిబిరం దాదాపు వందేళ్ళనాటిది. తెల్లవాళ్ళ కాలంలో అడవిలో దుంగలు లాగించడానికి ఏనుగులను పట్టి మచ్చిక చేసేవారు. ఇప్పుడు కూడా వూళ్ళ మీద పడే మదపుటేనుగును పట్టి తెస్తే, బలమైన దుంగలతో కట్టిన చట్రంలో పెట్టి లొంగదీస్తారు. నెలలు పడుతుంది. బయటికొచ్చేసరికి అది మనిషి మాట వింటుంది. దాన్నే కుంకీ అంటారు. అంకుశం, గొలుసు, ఆ చట్రం, ఇవేవీ ఈ సినిమా కథలోకి రావు. దేశంలో ఏనుగుల మీద పనిచేసేవాళ్ళు కొందరు ఇదే మాట రాశారు. ప్రేమ చూపించారు సరే, ఆ ప్రేమ వెనకాల వున్న బందిఖానా చూపించలేదేమని. ఇంకొందరు దానికి జవాబూ చెప్పారు. ఇది రెండు అనాథ ఏనుగుల కథ, ఆ వ్యవస్థ కథ కాదు, ఒక్క సినిమా మీద అన్ని బరువులూ వేస్తే ఎట్లా అని.

“అడవి జంతువును బిడ్డా అని పిలవడం దగ్గరే తప్పు మొదలవుతుంది” అంది ఆ అమ్మాయి. “‘గ్రిజ్లీ మ్యాన్’ చూశారా?”

చూశాను. మీలో చూడనివారికోసం చెబుతాను, ఎందుకంటే ఇది చెప్పకపోతే మా వాదన మీకు సగమే అర్థమవుతుంది. 2005లో జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ తీసిన డాక్యుమెంటరీ అది. టిమొతీ ట్రెడ్‌వెల్ అనే అమెరికావాడు అలాస్కాలోని కట్మాయి అడవికి వరసగా 13 వేసవులు వెళ్ళాడు. తుపాకి లేదు. ఒక డేరా, ఒక కెమెరా. అక్కడి గ్రిజ్లీ ఎలుగుబంట్లకు పేర్లు పెట్టి, మిమ్మల్ని ప్రేమిస్తున్నానని చెబుతూ, దగ్గరదగ్గర వంద గంటలు తనే తీసుకున్నాడు. 2003 అక్టోబరులో అతన్నీ, వెంట వున్న స్నేహితురాలినీ ఒక ఎలుగుబంటి చంపేసింది. ఆ సమయంలో కెమెరా తిరుగుతూనే వుంది, కాకపోతే కటకానికి మూత వుంది. శబ్దం మాత్రం పడింది. హెర్జోగ్ ఆ టేపును చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. మనకు వినిపించలేదు. ఆ టేపు దగ్గరుంచుకున్న ఆవిడతో, దీన్ని నువ్వెప్పుడూ వినకు, ధ్వంసం చేసెయ్యి అన్నాడు. ఆ సన్నివేశంలో ఆయన వీపు, ఎదురుగా ఆవిడ ముఖం తప్ప ఏమీ వుండదు. ఏ భయానక చిత్రమూ నన్ను అంత వణికించలేదు.

ఆ సినిమా చూసిన లోకం కూడా రెండుగా చీలింది. కొందరికి అతను ఎలుగుబంట్ల కోసం ప్రాణమిచ్చిన ప్రేమికుడు. కొందరికి మూర్ఖుడు. తను చావడమే కాక, మనిషంటే ఎలుగుబంట్లకు బెరుకు పోగొట్టి వాటికి కూడా కీడు చేసినవాడు. తమాషా ఏమిటంటే, దర్శకుడు కూడా తన హీరోతో ఏకీభవించడు! ఆ ఎలుగుబంటి కళ్ళలో నాకు స్నేహం కనబడటం లేదు, నిర్లక్ష్యమూ ఆకలీ తప్ప, అని తెర మీదే చెప్పేస్తాడు. మన సినిమాల్లో ఏ డైరెక్టరైనా హీరో గురించి ఇట్లా చెబితే ఫ్యాన్స్ ఇల్లు తగలబెడతారు.

నేను ఆ అమ్మాయితో వాదించాను. ట్రెడ్‌వెల్ వేసవిలో వెళ్ళి చలికాలానికి ఇంటికి వచ్చేవాడు. బొమ్మన్‌కు, బెళ్ళికి అడవే ఇల్లు. భర్తను పులి చంపినా ఆవిడ ఆ అడవి వదల్లేదు, వదిలి ఎక్కడికి పోతుంది? అక్కడ మృగం ఎంత ప్రమాదమో ఆవిడకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? తెలిసీ బిడ్డ అంటోంది. ఆ మాట అమాయకత్వం కాదు.

“ఆవిడ అంటే నాకు పేచీ లేదు. ఇక్కడ సోఫాలో కూచుని మనం అంటేనే పేచీ” అంది ఆ పిల్ల. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. బాబాయ్ నన్ను కాపాడాడు.

“నేనొకటి అడుగుత. 1971ల ‘హాథీ మేరే సాథీ’ వచ్చింది. దేవర్ పిక్చర్, రాజేష్ ఖన్నా. ఆఖర్ల ఏనుగు చచ్చిపోతది. హాలు హాలంత ఏడ్సింది. నేను బూత్‌ల వుండి ఏడ్సిన, రీలు మార్చుడు లేటయితే పబ్లిక్ సీటీలు గొట్టిన్రు. గా ఏనుగు పేరు రాము అని అందరికి ఎరుకే. దాని మావటి పేరు ఎవరికన్న ఎరుకనా?”

ఎవరికీ తెలియదు. అందరం టీవీ వైపు చూశాం.

బాబాయ్ ఎటు పోతున్నాడో నాకు అర్థమయింది. ఈ సినిమా వచ్చాక బొమ్మన్, బెళ్ళి దేశమంతటికీ తెలిశారు. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ వాళ్ళను పిలిచి సన్మానించాడు. రెండు శిబిరాల్లోని 91 మంది మావటులకు, సహాయకులకు తలా లక్ష రూపాయలు ప్రకటించాడు. 2023లోనే ప్రధానమంత్రి ఒకసారి, రాష్ట్రపతి ఒకసారి తెప్పకాడు వెళ్ళారు. బెళ్ళిని ప్రభుత్వం సహాయక మావటిగా నియమించింది, తమిళనాడులో ఒక స్త్రీకి ఆ పని ఇవ్వడం అదే మొదలు. అదే ఆగస్టులో, సినిమావాళ్ళు మాకు ఇస్తామన్న సాయం చెయ్యలేదని ఆ దంపతులు ఆరోపించారు. దర్శకురాలూ నిర్మాణ సంస్థా ఆ ఆరోపణలను ఖండించారు. వివాదం లాయర్ నోటీసు దాకా పోయింది. ఎవరిది సత్యమో తేల్చడం ఈ కాలమ్ పని కాదు. అయితే తెర మీద మనిషిని చూసి మనం ఏడిచాక, ఆ మనిషి తెర బయట నోరు తెరిస్తే మనకు ఎందుకంత ఇబ్బందిగా వుంటుందో నాకు తెలియదు. ఈ ఆరోపణల వార్త చదివి ‘మంచి సినిమా పాడుచేశారే’ అన్నవాళ్ళను నేను ఎరుగుదును.

ఇంతసేపూ మా పలమనేరు కుర్రాడు ఒక్క మాట మాట్లాడలేదు. గోడకానుకుని కూచున్నాడు. సినిమా జరుగుతున్నప్పుడు కూడా నేను వాణ్ణి గమనించాను. నవ్వలేదు, ఏడవలేదు, ఫోన్ చూడలేదు. పెద్దమ్మే అడిగింది.

“నీకు నచ్చలేదా బిడ్డా?”

“నచ్చిందమ్మా. బాగుంది.” కాసేపాగాడు. “ఆ రఘు వాళ్ళమ్మ ఎట్ల చచ్చిపోయిందో చెప్పినారు చూసినారా?”

చూశాం. కరెంటు తగిలి. మేతకోసం వూరి వైపు వచ్చి, కరెంటు తగిలి చచ్చిపోయిందని బొమ్మన్ ఒక్క ముక్కలో చెబుతాడు. సినిమా ముందుకు వెళ్ళిపోతుంది.

“ఆ పిల్ల దొరికింది హోసూరు అడవుల్లో. మా వూరికి ఎంతో దూరం లేదు. ఆ అడవిలో ఏనుగులే మా కౌండిన్య అడవికొచ్చేది. కరెంటు అంటే ఏందనుకుంటున్నారు? పిడుగా? చేనికి కట్టిన తీగ. ఎవరో ఒక రైతు కట్టింటాడు. వాడెవడో నాకు తెలీదు. కానీ అట్లాంటోళ్ళు నాకు తెలుసు.”

మేమెవరం మాట్లాడలేదు.

“మా వూర్లోనే ఒకాయన కట్టినాడు. పందులకని కట్టినాడు, ఏనుగు పడింది. పొద్దున పోతే చేలో కొండ మాదిరి పడుంది. మా వూరి ఆడోళ్ళు పోయి పసుపు కుంకాలు పెట్టి మొక్కినారు, ఏడ్సినారు. వినాయకుడు కదా. ఆ మధ్యాన్నమే ఆయప్పను జీపులో ఎక్కించుకుని పొయినారు. ఆయప్ప పెండ్లాం కూడా ఆ ఏనుగుకు మొక్కిందే. ఇప్పుడు ఆయప్ప మంచోడా చెడ్డోడా మీరే చెప్పండి.”

అయ్యా, ‘విలన్ వున్నాడో లేడో మీరే చెప్పాలి’ అని మొదట్లో హాస్యానికి రాశాను. ఇది విన్నాక ఆ వాక్యం కొట్టేద్దామనుకుని కూడా వుంచాను.

వాడు చెప్పుకుంటూ పోయాడు. చిత్తూరు జిల్లాలో ఏనుగులు ఎప్పుడో తాతల కాలానికి ముందే లేకుండా పోయి, మళ్ళీ 1980ల్లో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి వచ్చాయి. తర్వాత కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో చెరకు, వరి, అరటి, మామిడి ఏది వేసినా వాటికి ఇష్టమే. టమాటా అయితే తినేదానికన్నా తొక్కేది ఎక్కువ. కందకాలు తవ్వారు, పూడ్చుకుని దాటాయి. సోలారు కంచె వేశారు, ఎండుమాను తోసి దాటాయి. రైతులు మంచెల మీద పడుకుంటారు. టపాసులు, డప్పులు, రేకు డబ్బాలు. ఒక రాత్రి వాళ్ళ నాయన చీకట్లో పరుగెత్తి గట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ సంవత్సరం వీడి చదువు ఆగింది.

“సినిమాలో అడవిలో వుండేవాళ్ళు వున్నారు. ఇందాక మీరు చెప్పిన దొర అడవిని చూడను పొయినాడు. మేము అడవిలోకి పోలేదన్నా. అదే మా ఇంటికొచ్చింది. మా మీద సినిమా యాడుంది?”

నేను కొంచెంసేపు వెతుక్కున్నాను. తెలుగులో నాకు తట్టలేదు. అడవిని కాపాడే హీరో వున్నాడు, అడవిని నరికే హీరో వున్నాడు. మంచె మీద నిద్ర కాచే రైతు ఏ ఫ్రేములోనూ లేడు.

ఇక్కడ ఒక సినిమా సంగతి చెప్పకుండా వుండలేను. 2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ బెంగళూరు వెళ్ళాడు. అటవీ శాఖ ఆయనదే. చిత్తూరు జిల్లాకు కుంకీ ఏనుగులు ఇవ్వమని కర్ణాటకను అడగడానికి. ఆ సందర్భంలోనే ఆయన, నలభై ఏళ్ళ కింద సినిమా హీరో అడవిని కాపాడేవాడు, ఇప్పుడు హీరోయే అడవిలో చెట్లు కొట్టే స్మగ్లరు అన్నాడు. ఎవరినన్నాడో అని మన కుర్రాళ్ళు నెలరోజులు పోట్లాడుకున్నారు. ఏనుగులు వచ్చాయా రాలేదా అని ఎవరూ అడగలేదు. వచ్చాయి. 2025 మే 21న కర్ణాటక నాలుగు కుంకీలను ఇచ్చింది. ఆ ఫొటో మా వాడి ఫోన్లో వుంది. హీరోను చూపించడానికి కాదు, వెనకాల ఏనుగును చూపించడానికి వాడు దాన్ని దాచుకున్నాడు.

“కుంకీ అంటే...” అని పశువైద్యం పిల్ల ఆగింది.

“తెలుసక్కా. ఇందాక నువ్వు చెప్పిన చట్రంలో పెట్టిందే. కొట్టి లొంగదీసిందే. అది వస్తే మా నాయన ఇంట్లో పడుకుంటాడు.”

ఆ పిల్ల తల దించుకుంది. తన మాట వెనక్కి తీసుకోలేదు, తీసుకోవలసిన పని కూడా లేదు. వీడూ తీసుకోలేదు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఇట్లాంటి చోట మీ కాలమిస్టు ఎవరి పక్షమని అడిగితే, మూడు గంటల్లో మూడుసార్లు మారాను. మొదట పెద్దమ్మ పక్షం, తర్వాత ఆ పిల్ల పక్షం, ఇప్పుడు వీడి పక్షం. సినిమా మాత్రం నాకు అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చింది. ఒక్క ఫిర్యాదు. ఆ ఒక్క ముక్క దగ్గర, ఆ కరెంటు తీగ దగ్గర, కెమెరా ఒక్క నిమిషం ఆగివుంటే బాగుండేది. 40 నిమిషాలకు 41 అయ్యేది, మునిగిపోయేదేముంది?

రాత్రి పదయింది. కుర్రాడు రోజూ ఆ వేళకు ఇంటికి ఫోన్ చేస్తాడు. చేశాడు.

“నాయనా, తింటివా?... యాడుండావు?... సరే.”

“ఎక్కడున్నడు?” అంది పెద్దమ్మ.

“మంచె మీద.”

“ఇట్లియ్యి” అని ఫోన్ లాక్కుంది. ఎన్నడూ చూడని మనిషితో మొదలుపెట్టింది. “అన్నా, నేను మీ పిలగాడుండే ఇంటిదాన్ని. బాగున్నరా? కాలు నయమైందా?... అన్నా, ఒకటి చెప్పు. నీ చేలకొచ్చే ఏనుగులల్ల పిల్లలు గూడ వుంటయా?”

స్పీకర్లో ఆయన గొంతు వినిపించింది. పడిశం పట్టిన గొంతు.

“వుంటాయి తల్లీ. ఈ గుంపులో రెండు గున్నలుండాయి. గున్నలుంటే మేం టపాసులు దగ్గర్లో కాల్చం. తల్లి తిరగబడుతుంది. దూరం నుంచే శబ్దం చేసేది.”

“ఎంతుంటయి అన్నా?”

“ఒకటి దూడంత వుంటుంది. తల్లి కాళ్ళ సందులోనే తిరుగుతా వుంటుంది. టార్చి వేస్తే కనపడుతుంది...”

ఆయన మాట మధ్యలో దూరంగా రేకు డబ్బా మోత. కుక్కల అరుపులు. ఎవరో కేక వేశారు.

“వుంటా తల్లీ, పక్క చేలోకి వచ్చినట్టుండాయి” అని పెట్టేశాడు.

పెద్దమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే వుంది. టీ కుర్రాడు గ్లాసులు తీసుకుపోవడం మర్చిపోయి, “మళ్ళీ చెయ్యన్నా, ఏమైందో అడుగు” అంటున్నాడు మావాడితో. పదో నిమిషానికే సినిమా వదిలేసినవాడు వాడే.